వెనక తలుపు తీయకమ్మా!

ప్రశ్న: అంకుల్, మా తాత పోయి ఆరేళ్ళయింది. మొన్న బీరువా సర్దుతుంటే ఆయన పెంటాక్స్ కె1000 కెమెరా దొరికింది. బ్యాటరీ లేదు. అయినా లివరు లాగి నొక్కితే టక్కుమంటోంది. పైన చిన్న కిటికీలో 22 అని కనిపిస్తోంది. ఇది ఇంకా పనికొస్తుందా? చేతిలో ఫోన్ ఉండగా ఇలాంటి కెమెరాలంటే కొందరికి ఎందుకంత పిచ్చి?
– ఒక డిగ్రీ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: అమ్మా, ఈ సంచిక నీ చేతికి వచ్చేలోపు వెనక తలుపు తీసేసి ఉండవని ఆశ. తీయకు. ఇంకోసారి నొక్కనూ వద్దు. ఈ కెమెరా తలుపు తీయగానే ఆ అంకె మొదటికి వచ్చేస్తుంది. 22 దగ్గర నిలబడి ఉందంటే, తాత మూసిన తలుపు ఎవరూ తీయలేదన్నమాట. ఆ 22లో నువ్వు టక్కుమనిపించినవి ఎన్నో నీకే తెలియాలి.

లోపల రీలు ఉందో లేదో చూడడం చాలా తేలిక. కెమెరా పైన ఎడమచేతి వైపు మడతపెట్టిన చిన్న పిడి ఉంటుంది. దాన్ని ఎత్తి, బాణం గుర్తు ఉన్న వైపు మెల్లగా తిప్పు. వేలికి బిగువు తగిలితే అక్కడే ఆగు, రీలు ఉంది. గిర్రున తిరిగిపోతే ఖాళీ. రీలు ఉంటే కెమెరా అడుగున ఉన్న బుల్లి బటన్ నొక్కి, ఆ పిడిని తిప్పుతూనే ఉండు. కాసేపటికి లోపల ఏదో ఊడినట్టయి పిడి వదులైపోతుంది. ఇంకో నాలుగు చుట్లు తిప్పి, అప్పుడు తలుపు తియ్యి. డబ్బీ మీద సి-41 (కలర్ రీలు కడిగే పద్ధతి పేరు) అని ఉంటే కలర్ ల్యాబుకు పంపు. బొమ్మలు మసకగా, రంగులు వెలిసి రావచ్చు. అసలు రాకపోవచ్చు కూడా.

పిడి గురించి ఇంత చెప్పడానికి నా కథ ఒకటుంది. 1986 మే, మా తిరుపతి గంగమ్మ జాతర. నేనప్పుడు ఒక స్టూడియోలో పని నేర్చుకుంటున్నా. గురువుగారు మొదటిసారి నా మెడలో కెమెరా వేసి పంపారు. వేషాలవాళ్ళ వెంట పొద్దుటి నుంచి పరుగు. బండ వేషంవాళ్ళ చేత తిట్లు కూడా తిన్నాను, అది పుణ్యమే అనుకోండి. వేసింది 36 ఫోటోల రీలు. కౌంటర్ 36 దాటింది, 37 దాటింది, 39కి వచ్చినా లివరు హాయిగా తిరుగుతూనే ఉంది. అప్పుడు గుండె జారింది. రీలు కొస అవతలి చక్రానికి పట్టుకోలేదు. పొద్దుటి నుంచీ ఒక్క గడి కూడా కదల్లేదు. లివరు లాగిన ప్రతిసారీ ఎడమవైపు పిడి కొంచెం తిరగాలి. తిరగలేదు. నా కళ్ళ ముందే తిరగకుండా ఉంది, నేను చూడలేదు. గురువుగారు ఏమీ అనలేదు, రెండు రోజులు మాట్లాడలేదంతే. అప్పటి నుంచి ఇప్పటిదాకా లివరు లాగితే నా చూపు ముందు ఆ పిడి మీదకే పోతుంది.

నీ రెండో ప్రశ్నకు నా జవాబు కూడా ఇందులోనే ఉంది. ఈ కెమెరాలో పని పాడైతే ఎక్కడ పాడైందో వేలు పెట్టి చూపించవచ్చు. ఫోన్‌లో ఫోటో బాగా వస్తే ఎందుకొచ్చిందో తెలీదు, చెడితే ఎందుకు చెడిందో తెలీదు. కె1000లో ఉన్నవి మూడే: వెలుగు ఎంత రావాలో చెప్పడానికి అద్దం చుట్టూ తిప్పే ఎపర్చర్ రింగు, ఎంతసేపు రావాలో చెప్పే, సెకనులో వెయ్యో వంతు దాకా వెళ్ళే షట్టర్ చక్రం, దూరం సరిచేసే ఫోకస్. బ్యాటరీ వెలుగు కొలిచే లైట్ మీటర్ సూదికి మాత్రమే. షట్టర్ నడిచేది స్ప్రింగుల మీద, ఆ స్ప్రింగు బిగించేది లివరు లాగే నీ బొటనవేలు. అందుకే ఇన్నేళ్ళు బీరువాలో పడుకున్నా టక్కుమంది. 1976 నుంచి 1997 దాకా ఈ మోడల్‌ను పెద్దగా మార్చకుండానే చేశారు.

జాతర సంగతే ఇంకొంచెం చెబుతా. బైరాగి వేషంలో ఒళ్ళంతా తెల్ల సుద్ద, తోటి వేషంలో ఒళ్ళంతా నల్ల బొగ్గు. మీటర్ సూదికి తెలుపూ నలుపూ తెలీదు, లోకమంతా బూడిదరంగే అనుకుంటుంది. అది చెప్పినట్టు వింటే సుద్ద పూసుకున్నవాడూ బూడిదగానే వస్తాడు, బొగ్గు పూసుకున్నవాడూ బూడిదగానే వస్తాడు. కాబట్టి తెల్లవాడికి సూది చెప్పినదానికంటే ఒక మెట్టు ఎక్కువ వెలుగు ఇవ్వాలి, నల్లవాడికి ఒక మెట్టు తగ్గించాలి. రింగు తిప్పేటప్పుడు 'నీ మాట నేను వినను పో' అని సూదితో అనుకుంటాం చూడు, అందులో ఒక సుఖం ఉందమ్మా. ఆ పిచ్చి అదే.

సూది పనిచేయకపోయినా టెన్షన్ పడకు. 200 ఏఎస్‌ఏ (రీలు వెలుగును పట్టే శక్తికి కొలత) రీలు వేస్తే, మన చిత్తూరు ఎండలో ఎపర్చర్ 16, షట్టర్ 250, అంటే సెకనులో 250వ వంతు. షట్టర్ అలాగే ఉంచి, దట్టంగా మబ్బు పడితే ఎపర్చర్ 5.6, చెట్టు నీడలో 4. పాతకాలం ఫోటోగ్రాఫర్లు సగం మంది ఈ లెక్కతోనే బతికారు. సూది కావాలంటే ఎల్ఆర్44 అనే బొత్తాం సెల్ ఒకటి వెయ్యి. ఈ కెమెరా మీటరుకు ఆన్, ఆఫ్ స్విచ్ లేదు. అద్దానికి మూత పెట్టడమే ఆఫ్ చేయడం.

ఖర్చు మాత్రం దాచను. మొన్న నేను కలర్ రీలు కొని, కడిగించి, స్కాన్ చేయిస్తే పదిహేనువందల దాకా అయింది. అంటే ఒక్కో నొక్కుకు నలభై రూపాయల పైమాట. టిఫిన్ ప్లేట్ ఫోటోలకు ఫోనే వాడుకో.

ప్రశ్న: సార్, నికాన్ ఎఫ్ఎం2, ఎఫ్ఈ2 రెండూ సెకండ్ హ్యాండ్‌లో వస్తున్నాయి. చూడడానికి కవలల్లా ఉన్నాయి. ఏది తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: రెండింటిదీ ఒకే ఇల్లు, స్వభావం వేరు. 1982లో వచ్చిన ఎఫ్ఎం2కి బ్యాటరీ తీసేసినా సెకనులో 4000వ వంతు దాకా అన్ని స్పీడులూ ఉంటాయి. ఆ తర్వాతి ఏడు వచ్చిన ఎఫ్ఈ2ది ఎలక్ట్రానిక్ షట్టర్. సెల్ అయిపోతే 250వ వంతు, నొక్కి పట్టుకున్నంతసేపూ తెరిచి ఉండే బి అనే రెండే మిగులుతాయి. తలకోన అడవిలో సెల్ అయిపోతే ఎవరిని అడుగుతారు? నేనైతే ఎఫ్ఎం2 తీసుకుంటా.

కొనే ముందు షట్టర్ ఒక సెకను మీద పెట్టి నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. సన్నగా జుర్రుమని ఒక సెకనుకు టక్కున మూయాలి. మధ్యలో నీరసించి ఆగితే లోపలి నూనె గట్టిపడిందని అర్థం. విరిగిన ఎముకకు మీ ఊళ్ళో కట్టు ఉంది గానీ దీనికి లేదు, తెలిసిన మెకానిక్ దగ్గరకే పంపాలి. కుట్టు మిషను నూనె మాత్రం పోయకండి. నేనొకసారి పోశాను. ఆ కెమెరా ఇప్పుడు మా ఇంట్లో కరెంటు బిల్లుల మీద బరువుగా పనిచేస్తోంది.