చీకటి పడ్డాక మంచు బండి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ అమెరికా, కెనడా కొండల్లో రాత్రిపూట స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) నడపడం గురించే. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపేశాం.

పగలు రెండుసార్లు నడిపాం. పౌర్ణమి రాత్రి వెళ్దామని స్నేహితులు పట్టుబడుతున్నారు. పగలు లేనిది రాత్రి ఏముంటుంది? కోరి ప్రమాదం కొని తెచ్చుకోవడమేనా?
– డెన్వర్ నుంచి ఒక పాఠకుడు

ఉంటుంది, కాదనం. చెట్లు లేని మైదానంలో పౌర్ణమి వెన్నెల మంచు మీద పడితే హెడ్‌లైట్ అందని ఎదుటి కొండ వాలు కూడా కనిపిస్తుంది. మార్చి నెలలో పగటి ఎండకు పిండిలా మెత్తబడిన దారి సూర్యుడు దిగాక గట్టిపడి బండి హాయిగా సాగుతుంది. ఇంకో లాభం చాలామందికి తట్టదు. పగలు మలుపు అవతల ఎవరున్నారో తెలియదు. రాత్రయితే ఎదురుగా వచ్చే బండి వెలుగు ముందే చెట్ల కొమ్మల మీద ఆడుతుంది, మీరు కుడి పక్కకు ఒదిగే వ్యవధి దొరుకుతుంది.

అయితే ఇదంతా చదును చేసి గుర్తులు పాతిన దారి మీద సుఖం. దారి వదిలి లోతు మంచులోకి, ఏటవాలు మీదికి పోవడం పగటి పని. మేం పట్టుకున్న నియమం ఒకటే: ఆ రోజు పగలు నడిపిన దారినే రాత్రి నడపాలి. పోయిన వారం నడిపింది లెక్కలోకి రాదు. మధ్యలో చెట్టు కూలి ఉండొచ్చు, వాగు మీది మంచు వంతెన కుంగి ఉండొచ్చు.

రాత్రి నడపడానికి అనుమతి ఉందో లేదో ముందు చూసుకోండి. ఎల్లోస్టోన్ పార్కులో రాత్రి 9 నుంచి ఉదయం 7 దాకా స్నోమొబైల్ నిషేధం, పగలు కూడా గంటకు 35 మైళ్లు దాటకూడదు. మిగతా చోట్ల దారి మొదట్లో ఉండే బోర్డు చదవండి.

మా బండికి ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు. పట్టపగల్లా ఉంటుంది. రాత్రి ఎంత వేగం దాకా పోవచ్చు?
– సాల్ట్ లేక్ సిటీ నుంచి ఒక పాఠకుడు

పట్టపగల్లా ఉండేది ముందున్న 60 మీటర్ల వరకే అనుకోండి. డిమ్ లైటు పనికొచ్చే దూరం దాదాపు అంతే. గంటకు 40 మైళ్లంటే సెకనుకు 18 మీటర్లు. ఎదుట ఏదో ఉందని కన్ను పట్టి, మెదడు ఒప్పుకుని, వేలు బ్రేకు నొక్కేసరికి ఒకటిన్నర సెకన్లు, అంటే 27 మీటర్లు. గట్టి మంచు మీద ఆగడానికి ఇంకో 50 మీటర్లు. మొత్తం 80 దగ్గర. దీపం చూపించింది 60. మిగిలిన 20 మీటర్లు మీరు కళ్లు మూసుకుని నడిపినట్టే. అదే 25 మైళ్ల వేగంలో 40 మీటర్ల లోపే ఆగుతారు. అందుకే మెలికల దారిలో 25, తిన్నగా ఉన్న తెలిసిన దారిలో 30 అంటాం. కింద కంటికి ఆనని పలుచని గడ్డ, అంటే నల్లటి ఐసు ఉంటే ఈ లెక్క కూడా పనిచేయదు.

దీపం మోసం చేసే చోట్లు మరికొన్ని ఉన్నాయి. గట్టు ఎక్కేటప్పుడు లైటు ఆకాశంలోకి పోతుంది, గట్టు అవతల ఏముందో అసలు కనిపించదు. నడక వేగానికి తగ్గి దాటండి. మంచు కురుస్తుంటే హై బీమ్ వేయొద్దు. ప్రతి రేణువూ వెలుగును కళ్లలోకే తిప్పికొట్టి తెల్ల గోడ కడుతుంది. ముందు బండి లేపే మంచు పొడి కూడా అంతే, కాబట్టి పగటికి రెండింతలు ఎడం పాటించండి. ముళ్లకంచె తీగ, రోడ్డుకు అడ్డం కట్టిన గొలుసు దీపానికి దొరకవు.

మీ వెనక లైటు సంగతి ఎప్పుడైనా చూశారా? ట్రాక్ (బండి కింద తిరిగే రబ్బరు పట్టా) ఎగజిమ్మే మంచు దాని మీద పేరుకుని అరగంటలో కప్పేస్తుంది. ఆగిన ప్రతిసారీ చేత్తో తుడవండి. పగలు వెనక ఎంతమంది వస్తున్నారో వేళ్లతో చూపిస్తారు, రాత్రి ఆ సైగ ఎవరికీ కనిపించదు. హెల్మెట్ రేడియో పెట్టుకోండి, లేదంటే ప్రతి మలుపు దగ్గరా ఆగి తలలు లెక్కపెట్టండి.

దారి చదును చేసే గ్రూమర్ యంత్రాలు ఎక్కువగా రాత్రే తిరుగుతాయి. వాటి బ్లేడు దాదాపు దారంత వెడల్పు ఉంటుంది. నారింజ దీపం మిణుకుమంటే పక్కకు తప్పుకుని ఆగి, డ్రైవరు మిమ్మల్ని చూశాడని తేలాకే కదలండి. అప్పుడే చదును చేసిన దారి గడ్డకట్టడానికి కొన్ని గంటలు కావాలి, దాని మీద దూసుకుపోతే ఆ రాత్రి పనంతా బూడిదలో పోసినట్టే. స్కీ రిసార్టు వాలుల మీదికి మాత్రం రాత్రి ఎంత మాత్రమూ పోకండి. ఏటవాలు చదును చేసే యంత్రాన్ని పైనుంచి వించ్ (తాడు చుట్టే యంత్రం) ఉక్కు తాడుతో కట్టి దింపుతారు. వందల మీటర్ల పొడవున బిగిసిన ఆ సన్నని తాడు చీకట్లో కనిపించదు. అది మెడ ఎత్తులో ఉండొచ్చు.

ట్రాక్‌కు ఇంజిన్ శక్తి అందించే బెల్టు తెగి బండి ఆగింది. వెంటనే లైట్లూ పోయాయి. ఫోను టార్చి నోట్లో పెట్టుకుని తంటాలు పడ్డాం. బ్యాటరీ పాడయిందా?
– కాల్గరీ నుంచి ఒక పాఠకురాలు

పాడవలేదు, బహుశా మీ బండికి బ్యాటరీయే లేదు. తాడు లాగి స్టార్ట్ చేసే టూ స్ట్రోక్ బండ్లు చాలావాటికి ఉండదు. ఇంజిన్ తిరుగుతుంటే స్టేటర్ (కరెంటు పుట్టించే తీగచుట్ట) నుంచి కరెంటు వస్తుంది, దాంతోనే లైట్లు. ఇంజిన్ ఆగితే చీకటే. అందుకని ప్రతి ఒక్కరి దగ్గరా నుదుటికి కట్టుకునే టార్చి ఉండాలి, అదీ బండి సంచిలో కాకుండా కోటు లోపలి జేబులో. ఫోను బ్యాటరీ చలికి చెప్పకుండా చచ్చిపోతుంది.

బెల్టు మార్చే పని పగలు ఇంటి దగ్గర గ్లవ్స్‌తో రెండుసార్లు చేసి చూడండి. ఇంజిన్ ఆపి, కిల్ స్విచ్ నొక్కి, టెథర్ తాడు (నడిపేవాళ్ల ఒంటికి తగిలించుకునేది, ఊడితే ఇంజిన్ ఆగుతుంది) పీకేయండి. ఎడమ పక్క ప్యానెల్, బెల్టు గార్డు తీయండి. బండితో వచ్చిన పనిముట్టుతో, బెల్టు చుట్టుకునే రెండు చక్రాల్లో వెనకదాన్ని, అంటే వెనక క్లచ్‌ను విప్పార్చితే బెల్టు వదులవుతుంది. తర్వాతి పనిని తొందరలో అందరూ ఎగ్గొడతారు: తెగిన బెల్టు దారాలను, రబ్బరు ముక్కలను రెండు క్లచ్‌ల నుంచి, షాఫ్టు చుట్టూ నుంచి ఒక్కటి కూడా మిగలకుండా ఏరాలి. మిగిలితే కొత్త బెల్టూ పోతుంది. కొత్తదాని మీద బాణం ఉంటే అది తిరిగే దిశకు చూడాలి. బాణం లేకపోతే ఎడమ పక్క నిలబడి చూసినప్పుడు అక్షరాలు తిన్నగా కనిపించాలి. తొలి 50 కిలోమీటర్లు థ్రాటిల్ పూర్తిగా నొక్కొద్దు.

చలికి బిర్రబిగిసిన బెల్టు మీద స్టార్ట్ చేయగానే ఫుల్ థ్రాటిల్ ఇస్తే తెగుతుంది. లోతు మంచులో కూరుకుపోయిన బండిని కదలకపోయినా రెయ్యిమనిపిస్తే క్లచ్ వేడికి బెల్టు కాలి తెగుతుంది. బయల్దేరే ముందు ఇంజిన్ వేడెక్కనివ్వండి. వెనక భాగం ఎత్తి వదిలి, గడ్డకట్టిన ట్రాక్‌ను విడిపించండి.

రాత్రి చలికి మంచు గడ్డకడుతుంది కదా, మంచు చరియలు విరిగిపడే భయం పగటికన్నా తక్కువే అంటారు మా గుంపులో. నిజమేనా?
– సియాటిల్ నుంచి ఒక పాఠకుడు

సగమే నిజం, మిగతా సగం ప్రాణం తీస్తుంది. వసంతంలో పగలు కరిగి తడిసిన మంచు, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి గట్టిపడుతుంది, తడి చరియల భయం తగ్గుతుంది. మబ్బు పట్టిన రాత్రి వేడి పైకి పోనివ్వదు కాబట్టి అదీ జరగదు.

జనవరి, ఫిబ్రవరిల పొడి మంచు కథ వేరు. అక్కడ ప్రమాదం లోపలి పొరల్లో ఉంటుంది. కింద బలహీనమైన పొర, దాని మీద గాలి పేర్చిన గట్టి పలక. రాత్రి చలి ఆ బలహీన పొరను అతికించదు. పైగా గాలి లేని నిర్మలమైన చల్లని రాత్రుల్లోనే మంచు మీద ఈకల్లా మెరిసే స్ఫటికాలు పెరుగుతాయి. హెడ్‌లైట్‌లో రవ్వలు చల్లినట్టు ఎంత బాగుంటాయో! వాటి మీద మళ్లీ మంచు కురిసిందంటే అదే రేపటి బలహీన పొర.

చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద తెగుతాయి, కానీ కింద చదునుగా ఉన్న దారి దాకా వచ్చి పడతాయి. పగలైతే పైన గాలి పేర్చిన మంచు, శిఖరం అంచున వేలాడే మంచు చూరు, మంచు మీద పాకిన పగుళ్లు కనిపిస్తాయి. రాత్రి ఆ సాక్ష్యాలేవీ ఉండవు. అందుకే స్థానిక అవలాంచ్ కేంద్రం (మంచు చరియల హెచ్చరికలిచ్చేది) బులెటిన్‌లో ఐదు స్థాయిల్లో మూడోది, నారింజ రంగుది కనిపిస్తే, అలాంటి వాలుల కింద నుంచి పోయే దారి కూడా ఆ రాత్రికి వద్దు.

ప్రతి ఒక్కరి ఒంటి మీదా 457 కిలోహెర్ట్జ్ ట్రాన్సీవర్ (మంచు కింద పడ్డవాళ్లను సిగ్నల్‌తో కనిపెట్టే పరికరం), వీపు సంచిలో పార, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కర్ర ఉండాలి. పారను బండికి కట్టకండి, బండి కూరుకుపోతే పారా పోతుంది. ఫోను, రేడియో ట్రాన్సీవర్‌కు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి, వెతికేటప్పుడు 50. మంచు కింద పడ్డవాళ్లలో ఎక్కువమంది బతికి బయటపడేది మొదటి 10, 15 నిమిషాల్లోనే. చీకట్లో ఎవరు ఎక్కడ మాయమయ్యారో చూసిన కళ్లే ఉండవు. ఆ నిమిషాలు అక్కడే కరిగిపోతాయి.

బయట మైనస్ 15 డిగ్రీల సెల్సియస్. అయినా ఇంజిన్ వేడి హెచ్చరిక వెలిగింది. ఇదెక్కడి విడ్డూరం?
– బోయిసీ నుంచి ఒక పాఠకుడు

చల్లదనం గాలి నుంచి వస్తుందనుకోవడం వల్ల విడ్డూరంగా ఉంది. చాలా కొండ బండ్లలో ఇంజిన్ కూలెంట్ టన్నెల్ (ట్రాక్ పైన కప్పులా ఉండే భాగం) కింది రేకుల గుండా పోతుంది. ట్రాక్ ఎగజిమ్మే మంచు ఆ రేకులకు కొట్టుకుని కరిగితేనే చల్లబడుతుంది. రాత్రి దారి రాయిలా గట్టిపడితే ఎగజిమ్మడానికి పొడి మంచు ఉండదు. ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలకూ ఆ మంచే కందెన, అది లేకపోతే అవీ కరిగి అంటుకుపోతాయి. ఐస్ స్క్రాచర్లు (దారిని గీకే లోహపు కొక్కేలు) దింపండి, మంచును గీరి పైకి చల్లుతాయి. కొన్ని రకాలు రివర్సులో విరుగుతాయి, వెనక్కి పోయే ముందు ఎత్తి తగిలించండి. ఇంకా వేడెక్కుతుంటే దారి అంచున మెత్తటి మంచులో కాసేపు నడపండి.

పదేళ్ల బాబును వెనక కూర్చోబెట్టుకుని రాత్రి తీసుకెళ్లొచ్చా?
– డాలస్ నుంచి ఒక పాఠకురాలు

వద్దు. కొండ బండ్లు చాలావరకు ఒక్కరికే. ఇద్దరి బండి అద్దెకు దొరికినా, వెనక కూర్చున్న పిల్లాడు కదలకుండా చలికి బిగుసుకుంటాడు, మీకు చెప్పడు. మైనస్ 10లో గంటకు 50 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి మైనస్ 22లా ఉంటుంది. పగలు గంటసేపు తిప్పి తీసుకురండి.

రాత్రి బండి మొరాయించి అడవిలో చిక్కుకుంటే ఏం చేయాలి?
– వాంకూవర్ నుంచి ఒక పాఠకుడు

నడిచి వెళ్లిపోవాలన్న ఆలోచనను మొదట చంపేయండి. లోతు మంచులో నడిస్తే చెమట పడుతుంది, ఆగగానే ఆ చెమటే గడ్డకడుతుంది. బండి దగ్గరే ఉండి, ఫోను సిగ్నల్ లేని చోటా సందేశం పంపే శాటిలైట్ మెసెంజర్‌తో ఎస్‌ఓఎస్ పంపండి. చీకట్లో, మబ్బులో హెలికాప్టర్ రాకపోవచ్చు కాబట్టి తెల్లవారేదాకా ఉండాలనే లెక్కతోనే సర్దుకోండి. వాలుకు దూరంగా, గాలి మరుగున మనిషి పట్టేంత కందకం తవ్వి, బండి సీటు తీసి కింద వేసుకోండి. పెద్ద దేవదారు చెట్ల మొదళ్లకు ఆనుకోవద్దు, కొమ్మల కింద మంచు గుల్లగా ఉండి మనిషిని మింగుతుంది. కందకం దగ్గర ఇంజిన్ నడపకండి, కార్బన్ మోనాక్సైడ్ గుంతలోకి దిగుతుంది.

పెట్రోలు మూడు భాగాలు చేసుకోండి: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ఇలాంటి రాత్రికి ఒకటి. పొడి గ్లవ్స్ జత, పొడి సాక్సులు, అగ్గిపెట్టె, ఫ్లాస్కులో టీ ఉంచుకోండి. వేరుశనగ చిక్కీ చలికి రాయి అవుతుంది, ముందే చిన్న ముక్కలుగా కొట్టుకోండి. టార్చికి మామూలు ఆల్కలైన్ సెల్స్ కాకుండా లిథియం సెల్స్ వేయండి, మైనస్ 40 దాకా పనిచేస్తాయి. ఎన్నింటికి తిరిగి రావాలో ఇంట్లో కాగితం మీద రాసి పెట్టండి. ఏ దారిన పోతున్నారో, ఏ పార్కింగులో కారు వదిలారో కూడా అందులో ఉండాలి.