పేలుడు మందు సంగతి తర్వాత, పక్కన ఖాళీ హోల్ ఉందో లేదో చూడండి

మీ ప్రశ్న ఇది: లోతైన గనుల్లో బొగ్గు పొర నుంచి మీథేన్ బయటకు రావడానికి లోపలే బ్లాస్టింగ్ చేస్తారట, గ్యాస్ ఉన్న చోట మందు పేల్చడం ప్రమాదం కాదా, అసలు పనిచేస్తుందా అని. మీ అన్నయ్య ఆ పనిలో చేరాడనీ, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉందనీ కూడా రాశారు.

పనిచేస్తుంది. కానీ మందు ఎక్కువ పెడితే గ్యాస్ ఎక్కువ వస్తుందనుకునే వాళ్ల చేతిలో పనిచేయదు. బొగ్గులోని గ్యాస్‌ను ముందే పైపులతో లాగేసే గ్యాస్ డ్రైనేజీ సెక్షన్‌లో పదకొండేళ్లు చేశాను. నా కళ్లతో చూసిన ఒక హోల్ గురించి చెబితే మిగతాది మీకే అర్థమవుతుంది.

మా పొర లోతుగా ఉండేది, బొగ్గు మెత్తన. పైనున్న రాతి బరువుకి బొగ్గులోని సహజమైన పగుళ్లన్నీ మూసుకుపోయి ఉంటాయి. గ్యాస్‌లో ఎక్కువ భాగం బొగ్గు లోపలి గోడలకు అతుక్కుని ఉంటుంది, ఒత్తిడి తగ్గితేనే వదులుతుంది. వదిలాక పైపు దాకా రావడానికి దారి కావాలి. ఆ దారే లేదు. హోల్స్ కొట్టి, పైపులు పెట్టి, పంపుతో లాగితే మొదటి వారం ఏదో వచ్చేది, తర్వాత పంపు ఊరికే తిరిగేది. అందుకని లోతు హోల్స్‌లో మందు పెట్టి పగుళ్లు తెప్పించాలని పైవాళ్లు నిర్ణయించారు.

ప్లాన్‌లో మందు హోల్ ఒకటి, దాని పక్కన ఖాళీ హోల్ ఒకటి, మళ్లీ మందు హోల్ ఒకటి, ఇలా వరుసగా గీసి ఉంది. ఖాళీ వాటిని కంట్రోల్ హోల్స్ అంటారు. నలభై మీటర్ల హోల్ మెత్తటి బొగ్గులో కొట్టడం ఎంత కష్టమో కొట్టిన వాళ్లకే తెలుసు. రాడ్ ఇరుక్కుంటుంది, గోడలు కూలి హోల్ పూడిపోతుంది, మళ్లీ మొదటి నుంచి. రోజులు దాటిపోతున్నాయని మా పై అధికారి ఒకాయన ఖాళీ హోల్స్ వదిలేయమన్నారు, దానికి బదులు మందు పెంచమన్నారు. మా డ్రిల్లర్ అన్న, నాకంటే పదిహేనేళ్లు పెద్ద, ఆయనకు ఎదురు చెప్పలేక నాతో అన్నాడు: "దెబ్బ గట్టిగా కొడితే బొగ్గు పగలదు తమ్ముడూ, పిండవుతుంది."

పేల్చాం. మరుసటి రోజు పైపులో మీథేన్ శాతం ఒక్కసారిగా పైకి లేచింది. అందరూ సంతోషపడ్డారు, రిపోర్టు వెళ్లిపోయింది. నాలుగో రోజుకి రీడింగ్ పాత చోటికే వచ్చింది. ఆ సంగతి మాత్రం ఏ రిపోర్టులోనూ రాలేదు.

కొన్ని నెలల తర్వాత గ్యాలరీ, అంటే మేం తవ్వుకుంటూ పోయే సొరంగం, ఆ చోటు దాకా వచ్చినప్పుడు ఫేస్‌లో, అంటే తవ్వుతున్న ఎదుటి గోడలో, ఆ హోల్ అడ్డంగా కోసినట్టు కనిపించింది. క్యాప్ ల్యాంప్ దగ్గరగా పెట్టి చూశాను. హోల్ చుట్టూ జానెడు మందాన బొగ్గు పొడి అయిపోయి, ఆ పొడి తిరిగి అణిగి సిమెంటు వేసినట్టు గట్టిపడి ఉంది. వేలితో గోకితే నున్నగా, మెరుస్తూ ఉంది. దాని బయట బొగ్గు ఎప్పటిలాగే ఉంది. పగుళ్లు లేవనే చెప్పాలి. మేం గ్యాస్‌కి దారి వేయలేదు, ఉన్న కాస్త దారికీ మూత వేశాం. మొదటి మూడు రోజులూ వచ్చింది ఆ పొడిలోని గ్యాస్. డ్రిల్లర్ అన్న నా వెనకే నిలబడి చూశాడు, ఏమీ అనలేదు. ఏదో ఒకటి అన్నా బాగుండేది.

తర్వాతి ప్యానెల్‌లో, అంటే తర్వాత తవ్వాల్సిన భాగంలో, కంట్రోల్ హోల్స్ అన్నీ కొట్టాం. మందును హోల్ కంటే సన్నటి ప్లాస్టిక్ గొట్టాల్లో నింపి, గోడకీ మందుకీ మధ్య గాలి సందు వదిలాం. ఆ సందు వల్ల దెబ్బ మొదట్లోనే గోడను నుగ్గు చేయదు. ఒత్తిడి అల బొగ్గులోంచి వెళ్లి పక్కనున్న ఖాళీ హోల్‌ను తాకుతుంది. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు కాబట్టి అల వెనక్కి తిరుగుతుంది, తిరిగేటప్పుడు బొగ్గును నొక్కడం మాని లాగుతుంది. బొగ్గు నొక్కుడుకి ఓర్చుకుంటుంది, లాగుడుకి ఓర్చుకోదు. పగులు ఖాళీ హోల్ వైపే సాగుతుంది, పేలుడు వాయువులు ఆ పగుల్లోకి దూరి దాన్ని ఇంకా చీలుస్తాయి. ఈసారి పైపు రీడింగ్ లేచి చాలా వారాలు నిలిచింది. గ్యాలరీ అక్కడికి చేరినప్పుడు ఒక హోల్ నుంచి ఇంకో హోల్‌కి గీత గీసినట్టు పగులు కనిపించింది. మందు మొదటిసారి కంటే తక్కువే పెట్టాం.

బలం పెంచితే పని అయిపోతుందనే ఆలోచన మా అధికారితో మొదలైంది కాదు. 1979లో సోవియట్ యూనియన్‌లో, డాన్‌బాస్ అనే బొగ్గు గనుల ప్రాంతంలోని యున్‌కోమ్ గనిలో 903 మీటర్ల లోతున 0.3 కిలోటన్నుల అణు పరికరాన్ని పేల్చారు. గ్యాస్‌తో కలిసి బొగ్గు ఫేస్ నుంచి ఎగదన్నుకురావడం ఆపాలన్నదే ఉద్దేశం. ఆ భయం వట్టిది కాదు. అదే డాన్‌బాస్‌లో 1969లో గగారిన్ గనిలో ఒక్క దెబ్బకి సుమారు 14 వేల టన్నుల బొగ్గు బయటకు వచ్చిపడింది. అయినా బొగ్గు పొరలో అణుబాంబా? ఇప్పుడు ఆ గని మూతపడి, లోపలికి చేరుతున్న నీళ్లతో ఏమవుతుందోనని జనం భయపడాల్సి వస్తోంది. చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఇక ప్రమాదం సంగతి. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే పేలుతుంది. బొగ్గు గనుల్లో వాడేది రాళ్ల క్వారీ మందు కాదు, గ్యాస్ ఉన్న చోట వాడటానికి అనుమతి ఉన్న పర్మిటెడ్ రకం. అందులో ఉప్పు కలుపుతారు, అది మంటను చల్లార్చి పొట్టి చేస్తుంది. మందును పేల్చే డిటొనేటర్లు ఒకదాని తర్వాత ఒకటి పేలతాయి, ఆ ఆలస్యానికీ హద్దు ఉంది. ఈ పద్ధతి ఎక్కువగా వాడే చైనాలో, గ్యాస్ ఉన్న గనుల్లో చివరి డిటొనేటర్ 130 మిల్లీసెకన్లు దాటకూడదు. ముందు పేలిన షాట్‌కి బయటపడ్డ గ్యాస్‌ను వెనక షాట్ అంటించకూడదు కదా, అందుకు. హోల్ నోటి దగ్గర మట్టి బాగా కూరాలి. ఆ మట్టి బలహీనమైతే మంట గ్యాలరీలోకి దూకుతుంది. నన్నడిగితే మందు నింపడం కంటే మట్టి కూరడమే పెద్ద పని. దాన్ని మాత్రం ఎప్పుడూ కొత్త కుర్రాళ్లకు అప్పజెబుతారు. ఇదెక్కడి పద్ధతో నాకు అర్థం కాలేదు.

ఇంకో బాధ. ఎన్ని మీటర్లు హోల్ కొట్టారన్నదే లెక్క, ఎంత గ్యాస్ లాగారన్నది ఎవరూ అడగరు. పైపు చుట్టూ హోల్ నోటిని గాలి దూరకుండా సరిగా సీల్ చేయకపోతే పంపు బొగ్గులోని గ్యాస్‌ను వదిలేసి గ్యాలరీలోని గాలిని లాగుతుంది. పైపులో మీథేన్ పలచబడి 15 శాతం దాకా దిగిందంటే ఇక ఆ పైపే ప్రమాదం. అంత శ్రమపడి పగుళ్లు తెప్పించి, చివర్లో సీల్ దగ్గర తొందరపడితే పగుళ్లు గ్యాలరీ గాలికే దారి అవుతాయి. మీథేన్ గాలి కంటే తేలిక, రూఫ్ కింద చేరుతుంది. అయినా గ్యాస్ కొలిచే మీటరును ఛాతీ ఎత్తులో పట్టుకుని రీడింగ్ రాసుకునే వాళ్లను చూశాను. ఒకసారి అలాంటి మనిషి చేతిలోంచి మీటరు తీసుకుని రూఫ్ దగ్గర పెట్టి చూపించాను. రెండు రీడింగులూ పక్కపక్కన రాయించాను. నాతో నెల రోజులు మాట్లాడలేదు. పర్వాలేదు.

మీ అన్నయ్య ఈసారి ఫోన్ చేసినప్పుడు ఈ మూడూ అడగండి. మందు హోల్స్ మధ్య ఖాళీ హోల్స్ కొడుతున్నారా? మట్టి ఎవరు కూరుతున్నారు, ఎన్ని మీటర్లు కూరుతున్నారు? పేల్చాక ఎంతసేపు ఆగి లోపలికి వెళ్తున్నారు? బొగ్గు ఎగదన్నే పొరల్లో అరగంటకు తగ్గకుండా ఆగాలి, ఆగాక గ్యాస్ చూసే మనిషే ముందు వెళ్లాలి. ఒక్క షాట్ పేలకుండా మిగిలిందని అనుమానం వచ్చినా మిగతా వాళ్లెవరూ అటు అడుగు వేయకూడదు. మూడింటికీ తడుముకోకుండా జవాబు చెబితే అక్కడ పని తెలిసినవాళ్లు ఉన్నట్టే. ఖాళీ హోల్స్ ఎందుకు, టైమ్ వేస్ట్ అని తనే అన్నాడంటే మాత్రం నాకు రాయండి, ఆ మెరిసే పొడి గురించి తనతో నేనే మాట్లాడతాను.