చిమ్మిలా, జామపండా: రెండూ ఒకేసారి ఇవ్వండి

రక్తహీనత ఉన్న మీ అమ్మాయికి చిమ్మిలి (నువ్వులు, బెల్లం కలిపి దంచిన ఉండ) మేలా, జామపండు మేలా అని పర్లాకిమిడి నుంచి అడిగారు. 100 గ్రాముల నువ్వుల్లో దాదాపు 570 కేలరీలు, 18 గ్రాముల మాంసకృత్తులు, వాటితోపాటు దండిగా ఇనుము ఉంటాయి. అంతే బరువున్న జామలో 70 కేలరీలు కూడా ఉండవు, ఇనుము నామమాత్రమే. అయినా పండును తక్కువ చేయకూడదు, ఎందుకంటే నువ్వుల్లో సహజంగా ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు ఇనుమును సరిగా ఒంటబట్టనివ్వవు, జామలో 200 మిల్లీగ్రాములు దాటే విటమిన్ సి ఆ అడ్డును చాలావరకు తగ్గిస్తుంది. కాబట్టి నువ్వులను చిటపటలాడేదాకా దోరగా వేయించి, బెల్లంతో దంచి, నిమ్మకాయంత ఉండ చేసి, అప్పుడే కోసిన జామ ముక్కలతో కలిపి పెట్టండి. టీ మాత్రం వెంటనే వద్దు, కనీసం గంట ఆగాలి. డాక్టరు రాసిన ఇనుము మాత్రలను దయచేసి ఆపకండి; చిమ్మిలి వాటికి తోడే గాని బదులు కాదు.