డాక్టరు నోట ‘షెలెస్ట్’ అని వినపడితే

ప్రశ్న: చెక్ రిపబ్లిక్‌లోని బ్ర్నో నగరానికి వచ్చి మూడు నెలలైంది. పుస్తకంలో చెక్ భాష అర్థమవుతోంది గానీ, ఇక్కడివాళ్లు నోట్లో నోట్లో మాట్లాడితే ఒక్క ముక్క అందడం లేదు. ఏం చెయ్యను?

జవాబు: వాళ్లది చిరాకు అనుకోకండి. ట్రామ్‌లో, అపార్ట్‌మెంటు మెట్ల మీద గొంతు తగ్గించడం ఇక్కడి మర్యాద. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ‘నొచ్‌నీ క్లిత్’, అంటే రాత్రి నిశ్శబ్దం, చట్టంలోనే ఉంది. ఇంకొకటి, చెక్‌లో ఏ మాటనైనా సాధారణంగా మొదటి అక్షరం దగ్గరే నొక్కి పలుకుతారు. ఎంత గొణిగినా అది వినపడుతుంది, దాన్ని పట్టుకోండి.

మెల్లని చప్పుళ్లకు వాళ్లకూ మన గుసగుస, గరగర లాంటి మాటలున్నాయి. చెవిలో చెబితే షెప్తత్. చెవులు కొరుక్కుంటే షుష్కత్. ఆ నోటా ఈ నోటా పాకే పుకారు షుష్కందా. గొణిగితే ముమ్లత్. ఎలుగుబంటిలా లోపల్లోపల గుర్రుమంటే బ్రుమ్లత్. నోటికి ఆనించి మీటే మన మోర్సింగ్ వాయిద్యాన్ని వీళ్లు బ్రుమ్లె అంటారు, ఒకసారి వినండి, ఆ పేరెందుకో తెలుస్తుంది. పట్టుచీర గరగర షుస్తిత్. గాలికి పైన్ చెట్ల అడవి చేసే హోరు షుమ్యెత్, వీళ్ల జాతీయగీతంలోనే ఉంది. మందుల షాపులో ‘షుమివా’ అని రాసి ఉన్న మాత్ర ఇస్తే మింగకండి, నీళ్లలో వేస్తే బుసబుస పొంగేది అది.

ఇక షెలెస్ట్. మా పాపకు రెండేళ్లప్పుడు పిల్లల డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, మెల్లగా ఆ మాట అంది. నాకు తెలిసిన షెలెస్ట్ ఎండుటాకుల చప్పుడు. అడగడానికి మొహమాటపడి తలూపి వచ్చేశాను. ఇంటికొచ్చి చూస్తే గుండెలో మర్మర్, అంటే గుండె కొట్టుకునే చప్పుడుతో పాటు వినపడే అదనపు చప్పుడు, అని ఉంది. ఆ రాత్రి మా ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు. తర్వాత ఎకో (గుండె స్కాన్) తీసి, భయం లేదన్నారు. పిల్లల్లో వినపడే మర్మర్ చాలావరకు హాని చెయ్యనిదేనట. ఆ ఒక్క ప్రశ్న అక్కడే అడిగుంటే డాక్టరమ్మే ఈ మాట చెప్పేది.

అందుకే మొహమాటం వద్దు. ‘ప్రొసీమ్?’ అని కాస్త గొంతు పైకెత్తి అంటే చాలు, ‘ఏమన్నారు?’ అని అర్థం. అప్పటికీ అందకపోతే ‘యెష్త్యె యెద్నొవ్, ప్రొసీమ్’, మళ్లీ ఒక్కసారి అని. ఆస్పత్రిలో మాత్రం ఇంకొకటి నేర్చుకుని వెళ్లండి: ‘నపిష్తె మి తొ, ప్రొసీమ్.’ రాసివ్వమని. పర్సులో ఒక చిన్న కాగితం, పెన్ను ఎప్పుడూ ఉంచుకోండి.