మీటరు 12 వోల్టులు చూపించిందని పెట్రోల్ పంపు మార్చేయకండి

మీ పాత మోరిస్ మైనర్ కారు ట్యాంక్‌బండ్ ట్రాఫిక్‌లో వేడెక్కి ఆగిపోతోంది, చల్లారాక మళ్లీ కదులుతోంది, మెకానిక్ మీటరు పెట్టి 'కరెంట్ వస్తోంది సార్, పంపే పోయింది' అన్నాడు, కొత్తది కొనాలా అని మీ ప్రశ్న. కొనకండి. ముందు ఎర్త్ చూడండి, అంటే పంపు నుంచి కరెంటు బండి బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి.

ఎండాకాలం బండి ఆగితే చాలు, వేపర్ లాక్ (వేడికి పైపులో పెట్రోల్ ఆవిరై అడ్డుపడడం) అంటూ పైపుకు తడిగుడ్డ చుట్టేస్తారు మనవాళ్లు. బానెట్ కిందున్న ఎస్‌యూ కంపెనీ ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపుకి చెవి పెడితే తేడా తెలిసిపోతుంది. ఆవిరి పట్టినా, పీల్చే వైపు గాలి లాగినా అది ఆగకుండా గబగబా టకటకలాడుతుంది. బండి ఆగాక కీ ఆన్ చేసినా చడీచప్పుడూ లేదంటే, తొంభై శాతం కరెంటు గొడవే.

మీటరు తనకోసం లాగే కరెంటు దాదాపు సున్నా. ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరులోనూ అది నిండా 12 చూపిస్తుంది. లోడ్ పడితేనే, అంటే గట్టిగా కరెంటు లాగితేనే, అసలు రంగు బయటపడేది. బైకు బ్రేక్‌లైటు బల్బు, 12 వోల్టులు 21 వాట్లది, తీసుకోండి. దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. కీ ఆఫ్‌లో ఉండగానే ఒక క్లిప్పు పంపు టెర్మినల్‌కు, ఇంకోటి పంపు బాడీకి పెట్టి, తర్వాత కీ ఆన్ చేయండి. పెట్రోల్ పక్కన నిప్పురవ్వ రాకూడదు కాబట్టే ఈ వరుస.

బల్బు వెలుగుతుండగా, బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ నుంచి పంపు బాడీకి మీటరు పెట్టండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ వైరు కింద తుప్పో పెయింటో ఉంది, గీకి బిగించండి. బ్యాటరీ రెండో టెర్మినల్ నుంచి పంపు టెర్మినల్‌కు 0.5 దాటితే, ఇగ్నిషన్ స్విచ్ నుంచి వచ్చే తెల్ల వైరు వెంట వెనక్కి వెళ్లండి. ఎక్కువగా దొరికిపోయేది మధ్యలో ఉన్న బుల్లెట్ కనెక్టరే (రెండు వైర్ల కొసలను గుచ్చి కలిపేది): రబ్బరు తొడుగు లాగితే లోపల పచ్చటి చిలుము. వేడెక్కితే ఇంకా మొరాయిస్తుంది.

రెండు వైపులా బాగుండి, స్క్రూడ్రైవర్ పిడితో తట్టగానే పంపు కొట్టుకుంటే పాయింట్లు (పంపులో కరెంటును కలుపుతూ విడదీస్తూ ఉండే మొనలు) కాలాయి. బ్యాటరీ వైరు తీసి, పైన నల్ల మూత విప్పి, సన్న ఎమెరీ పేపర్‌తో ఒకటి రెండుసార్లు లాగండి. అంతకుమించి రుద్దొద్దు.

పాయింట్లు మరీ అరిగిపోయి రాణిగంజ్‌లో కొత్త పంపు కొనాల్సి వస్తే, 'ఇదీ పన్జేస్తది' అంటూ ఇంజెక్షన్ కార్ల పంపు అంటగడతారు. తీసుకోకండి. దాని ప్రెజర్‌కు కార్బురేటర్‌లో పెట్రోల్‌ను ఆపే నీడిల్ ఆగదు, పెట్రోల్ వేడి ఇంజిన్ మీదకు పొంగుతుంది. మీ బండి ఇంకా పాజిటివ్ ఎర్తేనా (బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ బాడీకి కలిపి ఉందా) అన్నదీ ముందే చూసుకోండి. డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగం) ఉన్న నెగటివ్ ఎర్త్ పంపు అందులో బిగిస్తే, కీ తిప్పగానే డయోడ్ కాలిపోతుంది.