గోల్కొండ సిపాయి కథ చదివాక

తమ్ముడూ,

నీ కథ రాత్రే చదివేశా, రెండుసార్లు. హమదాన్ నుంచి బతుకుదెరువు వెతుక్కుంటూ బీదర్ వచ్చిన సుల్తాన్ కులీని, అదే తర్వాత గోల్కొండ కుతుబ్ షాహీ వంశానికి మూలపురుషుడైనవాణ్ణి, హీరోగా పెట్టుకోవడం బాగుంది. ముందు చిన్నవి చెప్పేస్తా. 1487లో బీదర్ బజార్లో మిరపకాయల ఘాటు రాదు, పోర్చుగీసు వాళ్ళు ఇంకా ఈ దేశంలో అడుగే పెట్టలేదు. చార్మినార్ కూడా తీసెయ్, అది 1591, మనవాడు పోయిందే 1543లో.

ఇక అసలు సంగతి. బీదర్‌ని ఏలే బహమనీ సుల్తాను మహమూద్ షా మీద దాడి జరిగింది, ఈ కుర్రాడు అడ్డుపడి కాపాడాడు, ఆయన మురిసిపోయి గోల్కొండ రాసిచ్చేశాడు అని ఒక్క పేజీలో తేల్చేశావు, ఇంటర్వెల్ ముందు సీన్ లాగా. కానీ తెలంగాణ తరఫ్‌దార్ (అంటే ఆ ప్రాంతానికి పాలనాధికారి) పదవి, గోల్కొండ జాగీరు వచ్చేసరికి 1495-96 అయింది. ఆ మధ్య ఏళ్ళలో భయం ఉంది చూడు, నాకది కావాలి. ఆ దర్బారులో ఇక్కడివాళ్ళైన దక్కనీలకీ బయటినుంచి వచ్చిన అఫాకీలకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది, 1481లో మహమూద్ గవాన్ అంతటి వజీరు, ఆయనా బయటివాడే, ఒక్క దొంగ ఉత్తరంతో తల పోగొట్టుకున్నాడు. మనవాడికి రాత్రిళ్ళు అది గుర్తురాదా?

ఇంకోటి, 'రాసిచ్చేశాడు' అన్నావు కదా, అక్కడ ఆగిపోయా. జాగీరంటే తాత రాసిచ్చిన మూడెకరాలు కాదయ్యా, శిస్తు వసూలు చేసుకో, ఆ డబ్బుతో సైన్యాన్ని, గుర్రాల్ని మేపు, పిలిస్తే పరిగెత్తుకు రా, పైవాడికి కోపమొస్తే అదీ పోతుంది. కరణం తెలుగులో లెక్క చదువుతుంటే పక్కనోడు పారసీలో చెప్తుంటే, మధ్యలో ఎంత మాయమైందో తెలీక ఇద్దరి మొహాలూ చూసే మనిషి, ఆ ఒక్క సీన్ రాయి, నీ యుద్ధం సీన్లు మూడూ కొట్టేసినా నష్టం లేదు.

1518లో కిరీటం పెట్టించేశావు, స్కూలు పుస్తకాల్లోనూ అంతేలే. కానీ అదే ఏడు గోల్కొండ జామా మసీదు శాసనంలో ఏలిక పేరు మహమూద్ షాదే. చివరికి సమాధి రాయి మీద కూడా ఈయన సుల్తాను కాదు, మాలిక్కే (అంటే దర్బారు సర్దారు బిరుదే), జనంలో బడే మాలిక్. చేతిలో అంత రాజ్యం పెట్టుకుని ఎందుకలా ఉండిపోయాడు? నమకహలాలా, లౌక్యమా? నాకైతే లౌక్యమే అనిపిస్తుంది, నువ్వు ఒప్పుకోకపోతే అలాగే రాయి, పోట్లాడుకుందాం.

కొడుకు జంషీద్ ఈయన్ని చంపించిన సీన్ ముట్టుకోకు, బాగా వచ్చింది. ఆదివారం ఆ కుతుబ్ షాహీ గుంబజుల (సమాధుల) దగ్గరికెళ్దాం, ఎండ ముదరకముందే రా.

మీ అన్న