నొక్కిన తరువాత ఏమవుతుంది: ఒక యువ రచయితకు లేఖ

ప్రియమైన మిత్రమా,

మీరు బ్రిటన్‌లోని లీడ్స్ నగరం నుంచి పంపిన వ్యాసం అందింది. రోడ్డు దాటేవారి కోసం సిగ్నల్ స్తంభాలకు అమర్చే బటన్ మీద తెలుగులో ఒక పూర్తి వ్యాసం రాయాలని మీకు తోచడమే నాకు ఎంతో సంతోషం కలిగించింది. రోజూ వేలమంది చెయ్యి తగిలే వస్తువుల గురించి మనవాళ్లు రాయడం తక్కువ. మీ వాక్యాలకు నడక ఉంది, చూపు ఉంది. అయినా మొదటి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. "ఈ బటన్లన్నీ ఉత్తుత్తివే, మనిషిని ఊరుకోబెట్టడానికి చేతిలో పెట్టిన తాయిలాలు" అని మీరు మొదలుపెట్టారు. ఆ వాక్యం అందంగా ఉంది కాని నిజం కాదు. తక్కిన వ్యాసమంతా దాని మీదే నిలబడింది కనుక ఈ ఉత్తరం కూడా దాని గురించే రాస్తున్నాను.

ఆ మాట మీకు ఎక్కడ దొరికిందో ఊహించగలను. 2004లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒక వార్త ప్రచురించింది. ఆ నగరంలో అప్పటికి ఉన్న 3,250 బటన్లలో 2,500కు పైగా పని చేయడం లేదని, సిగ్నళ్లు కంప్యూటర్ల అదుపులోకి వచ్చిన తరువాత వాటి అవసరం తీరిపోయిందని, ఊడదీయడం ఖర్చుతో కూడిన పని కనుక అలాగే వదిలివేశారని దాని సారాంశం. ఆ వార్తలో తప్పేమీ లేదు. న్యూయార్క్‌లో చాలా కూడళ్లలో దీపాలు నిర్ణీత వ్యవధి ప్రకారం మారతాయి. ఎవరు నొక్కినా నొక్కకపోయినా నడిచేవారి వంతు ప్రతి చుట్టులోనూ వస్తుంది. అయితే ఆ లెక్క ప్రకారమే అప్పట్లో అక్కడ కూడా కొన్ని వందల బటన్లు నిజంగా పని చేస్తూ ఉండేవి. వార్త చేతులు మారుతున్నకొద్దీ ముందు ఆ వందలు రాలిపోయాయి, తరువాత సంవత్సరం, చివరికి నగరం పేరు కూడా రాలిపోయి, "బటన్లన్నీ ఉత్తుత్తివే" అన్న ముక్క ఒక్కటి మిగిలింది. మీరు దాన్ని లీడ్స్‌కు తెచ్చి మీ వీధి చివర స్తంభానికి అతికించారు. ఆ స్తంభం దగ్గర నిలబడి మీరు గడియారం చూసినట్టు వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు.

బటన్ నొక్కినందువల్ల దీపం మారదు. పాఠకుడికి ముందుగా ఈ సంగతి చెప్పాలి. నొక్కినప్పుడు జరిగేదల్లా, కూడలి పక్కన నిలబెట్టిన ఇనుప పెట్టెలోని కంట్రోలర్ అనే యంత్రంలో "ఇక్కడ ఒక మనిషి దాటడానికి నిలబడి ఉన్నాడు" అన్న కబురు నమోదు కావడం. కబురు అందిందనడానికి గుర్తుగా బటన్ డబ్బా మీద "వెయిట్" అన్న అక్షరాలో, ఒక చిన్న దీపమో వెలుగుతుంది. మామూలు సిగ్నల్‌లో అలా నమోదైన కబురు దాటే వంతు వచ్చేవరకు చెరిగిపోదు. పదిసార్లు నొక్కినంత మాత్రాన పది కబుర్లు కావు. బ్యాంకులో టోకెన్ తీసుకున్న మనిషి దాన్ని ఎన్నిసార్లు చూసుకున్నా వరుస ముందుకు జరగదు కదా.

కబురు అందిన తరువాత కంట్రోలర్ కొన్ని సంగతులు చూసుకుంటుంది, మీ వ్యాసంలో పూర్తిగా లోపించినది ఈ భాగమే. వాహనాలకు పచ్చదీపం వెలిగితే అది కనీసం కొన్ని సెకన్లు ఉండి తీరాలి. ఏడు సెకన్లన్నది బ్రిటన్‌లో తరచుగా కనిపించే లెక్క. ఆ కనీస వ్యవధి గడిచాక, రోడ్డులో గాడి కోసి పాతిన తీగచుట్టల ద్వారానో, స్తంభం మీది మైక్రోవేవ్ పరికరం ద్వారానో, వాహనాలు ఇంకా వస్తున్నాయా లేక మధ్యలో ఖాళీ దొరికిందా అని యంత్రం గమనిస్తుంది. ఖాళీ దొరికితే పచ్చదీపాన్ని అక్కడితో ముగిస్తుంది, దొరకకపోతే ముందే నిర్ణయించిన గరిష్ఠ వ్యవధి వరకు ఆగి, ఆపైన వాహనాలు ఎన్ని వస్తున్నా వాటిని నిలిపివేస్తుంది. తరువాత పసుపుదీపం మూడు సెకన్లు, ఆ వెంటనే వాహనాలకు ఎర్రదీపం, ఒక చిన్న విరామం, అప్పుడు నడిచేవారికి పచ్చబొమ్మ. అందువల్ల వాహనాలు లేని వేళ నొక్కితే కొద్ది క్షణాల్లో దారి దొరకవచ్చు, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ అదే బటన్ చాలాసేపు నిలబెట్టవచ్చు. ఆ సిగ్నల్‌ను పక్క కూడళ్ల సిగ్నళ్లతో జతచేసి ఉంటే, వాహనాల వరుస తెగకుండా చుట్టులో తన వంతు క్షణం కోసం కూడా అది వేచి ఉంటుంది. నిలబడిన మనిషికి బటన్ పాడైందన్న అనుమానం కలిగేది ఎక్కువగా ఇటువంటి చోట్లనే.

మరొక చిక్కు కూడా ఉంది. నగరం నడిబొడ్డున కొన్ని సిగ్నళ్లను రద్దీ వేళల్లో బటన్‌తో పని లేకుండా ప్రతి చుట్టులోనూ పచ్చబొమ్మ వచ్చేటట్టు అమర్చుతారు, రాత్రివేళ మాత్రం నొక్కితేనే వచ్చేటట్టు మారుస్తారు. అటువంటి చోట ఒకే బటన్ పగలు పదింటికి నామమాత్రం, రాత్రి పదకొండింటికి అక్కరకు వచ్చేది. ఇంకా కొన్ని చోట్ల, ముఖ్యంగా కూడలి లేని నిడుపాటి రోడ్డు మధ్య పెట్టిన సిగ్నళ్ల దగ్గర, నొక్కకపోతే పచ్చబొమ్మ ఎంతసేపటికీ రాదు. కొత్తగా బ్రిటన్‌కు వచ్చిన మన విద్యార్థి ఒకరు మీ వ్యాసం చదివి, బటన్ ఉత్తుత్తిదేనని నమ్మి, నొక్కకుండా నిలబడి, విసుగెత్తి, చలికాలపు చీకట్లో ఎర్రబొమ్మ మీద రోడ్డుకు అడ్డంగా పరుగెత్తాడనుకోండి. నేను మొదటి వాక్యం దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదే.

బ్రిటన్ ఈ విషయంలో చేసిన ప్రయత్నాల చరిత్రకు మీరు ఒక పేరా కేటాయించవచ్చు. 1951లో జీబ్రా గీతలు వచ్చాయి. 1962లో లండన్‌లో వాటర్లూ స్టేషన్ ఎదుట, బటన్ నొక్కితే పని చేసే పాండా క్రాసింగ్ మొదలుపెట్టారు. దాని దీపాలు రకరకాలుగా మినుకుమినుకుమనడంతో నడిచేవారికీ, బండి నడిపేవారికీ అయోమయమే మిగిలింది. అది నిలవలేదు. 1969లో పెలికాన్ వచ్చింది. "పెడెస్ట్రియన్ లైట్ కంట్రోల్డ్" అన్న మాటల ముక్కలను కలిపి పక్షి పేరుకు దగ్గరగా మలచినదే ఆ పేరు. హైదరాబాదులో బటన్ ఉన్న సిగ్నళ్లను మన పత్రికలు కూడా పెలికాన్ సిగ్నళ్లనే రాస్తున్నాయి. ఆ పేరుకు పక్షితో ఉన్న సంబంధం ఇంతేనని మీరు రెండు ముక్కల్లో చెబితే తెలుగు పాఠకుడు సంతోషిస్తాడు.

వ్యాసానికి ప్రాణం పోయవలసినది మాత్రం ఆ తరువాత వచ్చిన పఫిన్ క్రాసింగ్. ఇందులో ఎర్రబొమ్మ, పచ్చబొమ్మ రోడ్డుకు అవతల కాక మీరు నిలబడిన వైపే, బటన్ డబ్బాకు పైన ఉంటాయి; బొమ్మ వైపు చూస్తూనే వచ్చే వాహనాలను కూడా గమనించాలని ఈ ఏర్పాటు. స్తంభం మీది పరికరం ఒకటి మీరు నిలబడిన చోటును కనిపెట్టి ఉంటుంది. మీరు నొక్కి, ఓపిక లేక మరో వైపు వెళ్లిపోతే, ఆ కబురును రద్దు చేసి వాహనాలను ఊరకే ఆపకుండా చూస్తుంది. మరొక పరికరం రోడ్డు మీద నడుస్తున్నవారిని గమనిస్తూ, ఎవరైనా నెమ్మదిగా దాటుతుంటే, ఒక హద్దు వరకు, వాహనాల ఎర్రదీపాన్ని ఇంకొన్ని సెకన్లు పొడిగిస్తుంది. మనిషిని ఊరుకోబెట్టడానికి పెట్టిన తాయిలం ఇంత శ్రమ పడుతుందా, చెప్పండి.

ఈ పొడిగింపు విలువ అంకెల్లో తెలుస్తుంది. ఇంజనీర్లు చాలాకాలంగా మనిషి నడకను సెకనుకు 1.2 మీటర్లుగా లెక్కిస్తున్నారు. ఆ లెక్కన 12 మీటర్ల రోడ్డు దాటడానికి 10 సెకన్లు చాలు. ఇంగ్లండులో 65 ఏళ్లు పైబడినవారి నడకను కొలిచి 2012లో ప్రచురించిన పరిశోధనలో పురుషుల సగటు సెకనుకు 0.9 మీటర్లు, స్త్రీల సగటు 0.8 మీటర్లు అని తేలింది. 0.8 మీటర్ల వేగంతో నడిచే వృద్ధురాలికి అదే రోడ్డు దాటడానికి 15 సెకన్లు పడుతుంది. ఆ అయిదు సెకన్ల తేడాలో ఆమె ఎక్కడ ఉంటుందో మీరు రాయండి: ఇంకా నాలుగు మీటర్ల దూరంలో, ఒక లారీ ఎదుట. మీ నాలుగో పేరాలో నిరీక్షణ గురించి రాసిన ఉపమానాలన్నిటికన్నా ఈ నాలుగు మీటర్లు బలమైనవి.

ఇక నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం మా అమ్మాయి దగ్గర లండన్ శివార్లలో కొన్ని నెలలు ఉన్నాను. రోజూ దాటే సిగ్నల్ దగ్గర ఒక అంధుడు, తెల్లకర్ర పట్టుకుని, బటన్ నొక్కి, అదే చేతిని డబ్బా అడుగున పెట్టుకుని నిలబడేవాడు. ఆధారం కోసం పట్టుకున్నాడనుకున్నాను. నా దినచర్య పుస్తకంలో అలాగే రాసుకున్నాను కూడా. అక్కడ చప్పుడేమీ వినిపించేది కాదు, ఆయనకు ఎవరూ చెప్పేవారు కాదు, అయినా పచ్చబొమ్మ వెలిగిన క్షణంలోనే ఆయన అడుగు వేసేవాడు. వారం రోజుల తరువాత నేను కూడా డబ్బా కిందికి చెయ్యి పోనిచ్చాను. గరుకు గీతలున్న చిన్న శంకువు ఒకటి వేలికి తగిలింది. కాసేపటికి అది నా వేళ్ల మధ్య గిరగిర తిరిగింది; తలెత్తి చూస్తే పచ్చబొమ్మ వెలుగుతోంది. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో 1980లలో రూపొందిన ఏర్పాటు అది అని తరువాత తెలుసుకున్నాను. చూపు, వినికిడి రెండూ లేనివారికి కూడా అది దారి చెబుతుంది. మీరు రోజూ నొక్కే డబ్బా కింద కూడా ఆ శంకువు ఉండే అవకాశం ఎక్కువ. మీ వ్యాసంలో అది లేదంటే మీ చెయ్యి అక్కడికి వెళ్లలేదన్నమాట.

దీపాన్ని మార్చని బటన్ పనికిమాలినదన్న మీ ఊహ కూడా ఇక్కడే సడలిపోతుంది. ఆస్ట్రేలియాలో బటన్ దగ్గరి బాణం గుర్తు చేతికింద అదురుతుంది. ఆగవలసినప్పుడు నెమ్మదిగా, నడవవలసినప్పుడు వేగంగా టిక్కుటిక్కుమంటుంది. న్యూయార్క్‌లోనే ఇప్పుడు అంధుల కోసం అమర్చుతున్న బటన్లు చాలాచోట్ల దీపాల వ్యవధిని మార్చవు గాని, నొక్కిన మనిషికి నడవవలసిన వేళను మాటతోను, అదురుతోను చెబుతాయి. మీ ఆధారమైన నగరంలోనే ఇది జరుగుతున్నది కనుక ఆ సంగతి వదలకండి.

మాటల గురించి ఒక చిన్న సవరణ. ఇంజనీర్లు బటన్ పంపే కబురును "డిమాండ్" అంటారు. మీరు దాన్ని "గిరాకీ" అన్నారు. అది అంగడి మాట, ఇక్కడ అతకదు. "కబురు" అనండి, లేదా "దాటే కోరిక నమోదైంది" అనండి. "పాదచారి అభ్యర్థన మీట" అన్న మీ మాటను తీసివేసి ఊరికే "బటన్" అనండి, జనం అనేది అదే.

రాబోయే ఆదివారం మీ వీధి చివరి సిగ్నల్ దగ్గరకు గడియారంతో వెళ్లండి. సాయంత్రం అయిదింటికి పదిసార్లు, రాత్రి పదకొండింటికి పదిసార్లు, నొక్కిన క్షణం నుంచి పచ్చబొమ్మ వచ్చేవరకు ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. రెండుసార్లు నొక్కకుండా కూడా నిలబడి చూడండి. డబ్బా అడుగున చెయ్యి పెట్టండి. ఆ అంకెలతో మొదటి పేరాను మళ్లీ రాసి నాకు పంపండి. తక్కిన వ్యాసం అప్పుడు చూద్దాం.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి